బ్రేకు ప్యాడ్లు: చలి పొద్దున ఆగాలి, కొండ దిగేటప్పుడూ ఆగాలి

మొన్న ఎపిసోడ్‌లో బండి బ్రేకుల గురించి రెండు నిమిషాలు మాట్లాడితే, "అన్నా, స్పోర్ట్స్ ప్యాడ్లు వేయించమంటావా వద్దా, సూటిగా చెప్పు" అని మనవాళ్ళు అడిగారు. ఒక్క మాటలో చెప్పే వీలుంటే అప్పుడే చెప్పేసేవాణ్ణి. ఈ విషయంలో నేను రెండుసార్లు తప్పు చేశాను. రెండూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు తప్పులు. అవి విన్నాక మీకు ఏది సరిపోతుందో మీకే తెలుస్తుంది.

మేముండేది టూంగాబీలో. నాది సెకండ్ హ్యాండ్ టర్బో సెడాన్. పాత ఓనరు ఇంజను ట్యూన్ చేయించి, 18 అంగుళాల చక్రాలు వేయించి, బ్రేకులు మాత్రం కంపెనీవే వదిలేశాడు. కొన్నప్పుడు నాకది తట్టలేదు, పికప్ చూసి మురిసిపోయాను. మూడేళ్ళ కింద ఒక లాంగ్ వీకెండ్‌లో ఇంట్లోవాళ్ళతో లిత్‌గో వైపు బయల్దేరాం. బ్లూ మౌంటెన్స్‌లో మౌంట్ విక్టోరియా ఊరు దాటగానే రోడ్డు ఒక్కసారిగా కిందికి పడుతుంది. విక్టోరియా పాస్ అంటారు. 1832లో, గుర్రబ్బండ్ల కాలంలో, ఖైదీల చేత వేయించిన దారి. నలుగురం, డిక్కీ నిండా సామాను, ముందు ఒక లారీ. నేను బ్రేకు మీద కాలు తీయకుండా దిగుతున్నాను. సగం దిగాక పెడల్ మామూలు కంటే లోపలికి పోవడం మొదలైంది. కిందికొచ్చేసరికి స్పాంజి తొక్కినట్టుంది. పక్కకు తీసి ఆపితే కాలిన వాసన. మా ఆవిడ ఒక్క మాట అనలేదు, పిల్లల్ని దింపి దూరంగా తీసుకెళ్ళి నిలబెట్టింది.

అక్కడ జరిగింది లెక్కగా చూద్దాం. బ్రేకు చేసే పని ఒకటే, వేగాన్ని వేడిగా మార్చడం. మనుషులతో కలిపి 1,600 కిలోల బండి 100 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగితే పుట్టే వేడితో దాదాపు 1.8 లీటర్ల చల్లనీళ్ళు మరిగించొచ్చు. అదే 60 నుంచి ఆగితే అర లీటరు పైచిలుకు, అంతే. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలు అవుతుంది కాబట్టి ట్యూన్ చేసిన బండికి పాత బ్రేకులు చాలవు. ఇక కొండ సంగతి. అదే బండి 100 మీటర్ల ఎత్తు దిగితే నాలుగున్నర లీటర్లు మరిగించే వేడి పుడుతుంది. గాలి, ఇంజను అందులో కొంత మోస్తాయి. ఇంజనుకు పని చెప్పకపోతే మిగతాదంతా డిస్కుల మీదే పడుతుంది, చల్లారే టైము కూడా ఉండదు. తిరుమల ఘాట్ దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని రూలు పెట్టింది ఊరికే కాదు. ఒమన్‌లో జెబెల్ అఖ్దర్ కింద పోలీసులు ఫోర్ వీల్ డ్రైవ్ కాని బండిని పైకి పోనివ్వకపోవడమూ ఊరికే కాదు.

సిడ్నీకి తిరిగొచ్చాక నేను చేసిన పని, రాత్రి కూర్చుని ఆన్‌లైన్లో దొరికిన వాటిల్లో అన్నిటికంటే "గట్టి" ప్యాడ్లు ఆర్డర్ చేయడం. రేసు ట్రాక్ మీద వాడేవి. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చేసినవాణ్ణి కాబట్టి నేనే విప్పి వేసుకున్నాను. ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో రోడ్డు మీద వాడకూడదని ఉంది. చదివాను కూడా. లాయర్ల భయంతో రాసి ఉంటారులే అనుకున్నాను.

జూలై నెల. పొద్దున ఐదున్నరకి సైటుకి బయల్దేరాను, బయట ఐదారు డిగ్రీలు ఉంటుందేమో. ఓల్డ్ విండ్సర్ రోడ్డు మీద మొదటి సిగ్నల్ ఎర్రగా పడింది. బ్రేకు తొక్కాను. పెడల్ రాయిలా గట్టిగా ఉంది, బండి మాత్రం జారుతున్నట్టే పోతోంది. రెండు కాళ్ళ బలం పెట్టి తొక్కితే ముందున్న యూట్ వెనక జేనెడు దూరంలో ఆగింది. దాని మీద కట్టిన నిచ్చెన కొస నా బానెట్ మీదికొచ్చి ఉంది. తర్వాతి సిగ్నల్‌కి బ్రేకు కొంచెం పట్టింది, మూడోదానికి బాగా పట్టింది. అంటే ప్యాడ్‌లో లోపం లేదు. చలికి చేతులు కొంకర్లు పోయినట్టు దానికి వేడెక్కితే తప్ప పట్టు రాదు. రేసు ప్యాడ్లలో చాలావాటికి సుమారు 200 డిగ్రీలు దాటాకే అసలు పట్టు వస్తుంది. రేసులో మొదటి రౌండ్‌లోనే ఆ వేడి వచ్చేస్తుంది. మన డ్యూటీ దారిలో అది ఎప్పటికీ రాకపోవచ్చు. మనకేమో మొదటి బ్రేకే ముఖ్యం. స్కూలు ముందు పిల్లాడు బంతి కోసం పరుగెత్తినప్పుడు ప్యాడ్లు వేడెక్కే దాకా వాడు ఆగడు కదా.

ఆ సాయంత్రమే పాత ప్యాడ్లు మళ్ళీ వేసి తెలిసిన మెకానిక్ దగ్గరికి పోయాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "కొండ మీద పెడల్ మెత్తబడిందా, గట్టిగానే ఉందా?" మెత్తబడిందన్నాను. "అయితే తప్పు ప్యాడ్‌ది కాదయ్యా, ఫ్లూయిడ్‌ది" అన్నాడు.

ఈ తేడా గట్టిగా గుర్తుపెట్టుకోండి. పెడల్ గట్టిగా ఉండి బండి ఆగకపోతే ప్యాడ్ తన వేడి హద్దు దాటిందని అర్థం, లేదా నాకు జూలైలో జరిగినట్టు ఆ హద్దు దాకా రాలేదని అర్థం. పెడల్ మెత్తబడి లోపలికి పోతే పైపుల్లో ఫ్లూయిడ్ మరిగి ఆవిరవుతోంది. ద్రవం నొక్కితే నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది, అందుకే ఆ స్పాంజి. బ్రేకు ఫ్లూయిడ్ గాలిలో తేమను లాగేస్తుంది. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ప్రమాణం 155 డిగ్రీలకు పడిపోతుంది. నా బండిలో అది ఎన్నేళ్ళనాటిదో పాత ఓనరుకే తెలియాలి. రెండేళ్ళకోసారి మార్చాలంటారు, మారిస్తే తక్కువ ఖర్చులో అయిపోతుంది. ఒక జాగ్రత్త: డాట్ 5.1 అనేది డాట్ 4 జాతిదే, డాట్ 5 మాత్రం సిలికాన్. పేరు దగ్గరగా ఉందని దాన్ని కలపొద్దు.

ఇక ప్యాడ్ ఎంపిక. ఆర్గానిక్ రకం మెత్తన, చప్పుడు ఉండదు, చల్లగా ఉన్నా పట్టేస్తుంది, ఎక్కువ వేడిని మాత్రం మోయలేదు. సెరామిక్ రకం దుమ్ము తక్కువ, రోజువారీ వాడకానికి హాయి. సెమీ మెటాలిక్‌లో లోహపు పొడి ఉంటుంది, వేడికి నిలుస్తుంది, బదులుగా నల్ల దుమ్ము, అప్పుడప్పుడు కీచుమనడం, డిస్కు కాస్త తొందరగా అరగడం. ఇంజను పెంచిన బండి రోడ్డు మీదే తిరిగితే కావాల్సింది "ఫాస్ట్ రోడ్" తరగతి. చల్లగా ఉన్నప్పుడే పట్టు ఉండి, సుమారు 500 డిగ్రీల దాకా వదలనిది. ఫలానా బ్రాండే కొనండి అని నేననను, కంపెనీ ఇచ్చే ఉష్ణోగ్రత హద్దుల్లో పై అంకె కంటే కింది అంకె ముందు చూడండి. ఈస్టర్న్ క్రీక్ ట్రాక్ మీదికి అప్పుడప్పుడు పోవాలనుకునేవాళ్ళు రెండో సెట్ కొనుక్కుని అక్కడ మార్చుకోండి. రెంటికీ ఒకటే ప్యాడ్ అని ఆశపడితే ఏదో ఒకచోట దెబ్బ తింటారు.

ప్యాడ్ మీద ఎఫ్‌ఎఫ్, జీజీ లాంటి రెండక్షరాలు ఉంటే, మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా వేడెక్కాక పట్టు. ఈ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. రెండో అక్షరం మొదటిదానికంటే తక్కువైతే వేడిలో పట్టు తగ్గుతుందన్నమాట. జీ ఉంది కాబట్టి గొప్ప ప్యాడ్ అనుకోవద్దు, ఎంతకాలం మన్నుతుందో ఆ అక్షరం చెప్పదు. యూరప్ లెక్కలో "90ఆర్" అని ముద్ర ఉంటే, కంపెనీ ప్యాడ్‌కి 15 శాతం అటూ ఇటూలోనే పనిచేస్తుందని పరీక్షించారని అర్థం. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు సగం ధరకు దొరికే "ఒరిజినల్" పెట్టెలు చూస్తుంటారు. పెట్టె కాదు, ప్యాడ్ వెనక ఇనుప ప్లేటు మీద ముద్ర, బ్యాచ్ నంబరు చూడండి.

డబ్బుల కోసమని ముందువి మాత్రం పవర్‌ఫుల్‌వి వేసి వెనకవి వదిలేసేవాళ్ళున్నారు. ముందు చక్రాలే ఎక్కువ పని చేస్తాయి నిజమే, కానీ కంపెనీ లెక్కేసిన ముందూ వెనకా తూకం చెడుతుంది. వెనక మాత్రమే గట్టివి వేస్తే ఇంకా ప్రమాదం, తడి రోడ్డు మీద వెనక భాగం తిరిగిపోతుంది. నాలుగు చక్రాలకూ ఒకే రకం వేయించండి.

వేశాక బెడ్డింగ్ చేయాలి. ప్యాడ్ పదార్థం డిస్కు మీద పలచని పొరలా సమంగా పరుచుకోవడమే బెడ్డింగ్. నేను ఆదివారం పొద్దున సెవెన్ హిల్స్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఖాళీ రోడ్డు చూసుకుని 60 నుంచి 10కి పది సార్లు తగ్గించాను, పూర్తిగా ఆపకుండా. తర్వాత బ్రేకు తొక్కకుండా కొంత దూరం చల్లారనిచ్చాను. మీ ప్యాడ్ కంపెనీ వేరే పద్ధతి చెప్తే అదే చేయండి. వేడి డిస్కు మీద ప్యాడ్ నొక్కిపెట్టి ఆపితే అక్కడ మచ్చ పడి తర్వాత స్టీరింగ్ వణుకుతుంది. డిస్కు వంకరపోయిందని జనం కొత్తది కొంటారు, చాలాసార్లు వంకర కాదు, ఈ మచ్చలే.

పాత దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదొద్దు. ఆస్ట్రేలియాలో ఆస్బెస్టాస్ పూర్తి నిషేధం 2003 డిసెంబర్ 31 నుంచి. అంతకుముందటి బండ్ల బ్రేకుల్లో అది ఉండొచ్చు. సైటులో పాత ఫైబ్రో గోడ కూల్చేముందు మనం ఎంత జాగ్రత్త పడతామో ఇక్కడా అంతే. క్లీనర్ స్ప్రే, తడి గుడ్డ, మాస్క్.

కాలిపర్లు, పెద్ద డిస్కులు కూడా మార్చాలనుకుంటే న్యూ సౌత్ వేల్స్‌లో సర్టిఫికెట్ అవసరం పడొచ్చు, పని మొదలుపెట్టకముందే లైసెన్స్ ఉన్న సర్టిఫయర్‌ని అడగండి, ఇన్సూరెన్స్ వాళ్ళకీ చెప్పండి. ఐదేళ్ళు దాటిన బండికి ఏటా పింక్ స్లిప్ ఎలాగూ ఉంటుంది. ఆ రోజే ప్యాడ్ మందం అడిగి రాసిపెట్టుకోండి, 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చే టైము అయినట్టే.

ఇప్పుడు నా బండికి ఫాస్ట్ రోడ్ ప్యాడ్లు, కొత్త డాట్ 4 ఫ్లూయిడ్ ఉన్నాయి. చక్రాలు వారానికోసారి నల్లబడుతున్నాయి, కడిగేది నేనే. మళ్ళీ విక్టోరియా పాస్ దిగినప్పుడు రెండో గేరులో దిగాను, వెనక ఒకాయన హారన్ కొట్టినా సరే.

మీ ప్రశ్న పంపేటప్పుడు బండి పేరు, ఏ సంవత్సరంది, రోజూ ఏ దారిలో ఎన్ని గంటలకు నడుపుతారు, బ్రేకు ఇబ్బంది వచ్చినప్పుడు పెడల్ మెత్తగా ఉందా గట్టిగా ఉందా, ఇవి రాయండి.