గ్యాస్ అలారం నేల దగ్గరే ఎందుకు?

పొగ అలారం పైకప్పుకు ఉంటుంది కదా, మరి వంటింటి గ్యాస్ అలారాన్ని నేలకు అడుగు ఎత్తులోనే ఎందుకు బిగిస్తారు? సిలిండర్‌లోని ఎల్పీజీ గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే ఒలికిన నీళ్లలా గచ్చు మీద పరుచుకుంటుంది. చాలా అలారాల్లో వేడిగా ఉండే చిన్న తగరపు ఆక్సైడ్ ముక్క ఉంటుంది. గ్యాస్ తగిలితే దానిగుండా కరెంటు ఎక్కువ పారుతుంది, వెంటనే కుయ్యిమని మోత!

కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు సంగతి వేరు. వాసన ఉండదు, బరువు దాదాపు గాలంతే. దాన్ని పసిగట్టే పరికరం విడిగా కావాలి.

ఇంటి వైరింగుకు కలిపిన అలారమైనా, లోపల బ్యాటరీ లేకపోతే కరెంటు పోయినప్పుడు మోగదు. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కమని అమ్మానాన్నలకు గుర్తుచేయండి. గ్యాస్ అలారం మోగితే ఏ స్విచ్చూ వేయొద్దు, ఆపొద్దు. తలుపులు తెరిచి బయటికి వచ్చేయండి.