మిద్దె మీద మూడు గదులు

"సైటు కొంటాండావంట కదప్పా, ఏ సర్వే నంబరు?"

2021 సంక్రాంతికి సోమందేపల్లెలో మా వీధి అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన నన్ను అడిగిన ప్రశ్న ఇది. వర్క్ ఫ్రం హోం రోజులవి. సిగ్నల్ కోసం ల్యాప్‌టాప్ పట్టుకుని బయట కూర్చున్న నేను కాస్త గర్వంగానే నంబరు చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "అది డీకేటీ భూమి నాయనా. మా కండ్ల ముందరే పట్టాలిచ్చిరి. అమ్మేకి లేదు, కొనేకి లేదు."

అప్పటికి రెండు లక్షలు అడ్వాన్సు ఇచ్చి పదకొండు రోజులైంది. అందులో లక్షా ఇరవై వేలు నా జీతంలో దాచుకున్నవి. మిగతా ఎనభై వేలు అమ్మ గాజులు బ్యాంకులో కుదువపెట్టి తెచ్చినవి.

మన వయసువాళ్లలో చాలామందికి మొదటి నాలుగైదు లక్షలు చేతికి రాగానే వచ్చే ఆలోచన ఒకటే: ఊళ్లో ఒక సైటు తీసుకుందాం. నాకూ అదే వచ్చింది. ఎక్కడ తప్పు చేశానో, తర్వాత అదే ఊళ్లో ఏం చేస్తే కాస్త గట్టెక్కానో చెబుతాను. లెక్కలన్నీ మా ఇంటివే.

కారు వచ్చింది, రేటు పెరిగింది

మాది హైదరాబాద్-బెంగళూరు హైవే మీద పెనుకొండకూ హిందూపురానికీ మధ్యనున్న మండల కేంద్రం. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. వాన తక్కువ, సెనక్కాయ పంట ఎక్కువ. పంట పోయిన ఏడాది బెంగళూరు బస్సెక్కేవాళ్లు ఎక్కువ.

2017 ఏప్రిల్‌లో నేను ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో ఉన్నాను. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ పెట్టడానికి కియా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెట్టుబడి 110 కోట్ల డాలర్లు, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. 2019 ఆగస్టులో సెల్టోస్ బయటికొచ్చింది, డిసెంబర్ 5న ఫ్యాక్టరీకి లాంఛనంగా ప్రారంభోత్సవం జరిగింది. చుట్టూ విడిభాగాల కంపెనీలు వచ్చాయి. కొరియన్ అక్షరాల బోర్డులు మా హైవే మీద మొదటిసారి చూశాం.

వాటితోపాటే ఇంకో రకం బోర్డులూ వచ్చాయి: "కియాకు పది నిమిషాల దూరంలో". నిన్నటిదాకా సెనగపొలాలుగా ఉన్నచోట రంగురాళ్లు పాతి, మట్టిరోడ్లు వేసి, కమాను కట్టారు. ఎకరాల లెక్కలో మాట్లాడుకునే ఊరు సెంట్ల లెక్కలోకి దిగింది.

నేను చూసింది 30×40 సైటు, అంటే సుమారు 2.75 సెంట్లు. సెంటు మూడు లక్షల చొప్పున ఎనిమిది లక్షల పాతికవేలు. "రెండేండ్లలో డబుల్ అన్నా, రాసిస్తా" అన్నాడు ఏజెంటు. రాసైతే ఇవ్వలేదు.

ఈసీ చెప్పని సంగతి

నేను కాగితాలేవీ చూడకుండా డబ్బిచ్చానని అనుకోవద్దు. ఈసీ అడిగాను. ఏజెంటు చూపించాడు. ఒక్క లావాదేవీ లేదు, పూర్తిగా నిల్. "చూసినావా, ఎంత క్లీన్‌గా ఉందో" అన్నాడు. నేనూ సంతోషపడ్డాను.

నేను పడిపోయింది అక్కడే. ఈసీలో కనిపించేది సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. ప్రభుత్వం ఎప్పుడో పేదలకు సాగు కోసం ఇచ్చిన డీకేటీ పట్టా రెవెన్యూ రికార్డుల్లో ఉంటుంది, ఈసీలోకి రాదు. అమ్మడానికి వీల్లేని భూమికి రిజిస్ట్రేషన్లే జరగవు కాబట్టి ఈసీ నిల్ రావడం సహజం. నేను మంచి లక్షణం అనుకున్నది నిజానికి ఒక హెచ్చరిక.

డీకేటీ అంటే అసైన్డ్ భూమి. 1977 నాటి చట్టం ప్రకారం దీన్ని అమ్మినా కొన్నా చెల్లదు. ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. ఇలాంటి సర్వే నంబర్లను రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ కింద నిషేధిత జాబితాలో పెడతారు. 2023లో చట్టం సవరించి, పట్టా ఇచ్చి 20 ఏళ్లు దాటిన అసలు లబ్ధిదారులకు హక్కులు కల్పించారు. 2024లో ప్రభుత్వం ఆ భూములపై విచారణ పెట్టి రిజిస్ట్రేషన్లు ఆపింది. అంటే ఇలాంటి భూమి విషయంలో నిన్న విన్న మాట ఇవాళ్టికి పనికిరాకపోవచ్చు. కొనే రోజున జాబితా మళ్లీ చూసుకోవాల్సిందే.

మా రాయలసీమలో చుక్కల భూములని ఇంకో తలనొప్పి ఉంది. పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో యజమాని పేరు ఉండాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేసినవి. దశాబ్దాలుగా దున్నుకుంటున్న రైతు ఒకరుంటారు, కాగితం మీద చుక్కలుంటాయి. వీటి కోసం 2017లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది.

మరి రిజిస్ట్రేషన్ ఎలా చేస్తానన్నాడు? "ముందు నోటరీ అగ్రిమెంటు చేసుకుందాం, రిజిస్ట్రేషన్ తర్వాత అవుతుంది" అన్నాడు. ఆ మాట దగ్గరే లేచి వచ్చేయాల్సింది. రెరా చట్టం ప్రకారం రిజిస్టరైన ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. నేనిచ్చింది 24 శాతం, అదీ తెల్లకాగితం రసీదు మీద. ఆ లేఅవుట్‌కు రెరా నంబరే లేదు. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్ అమ్మాలంటే రెరాలో నమోదు ఉండాలన్న సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఏడాదిన్నర తిరిగితే లక్షా పదివేలు వెనక్కి వచ్చాయి. మిగతా తొంభై వేలు ఇంకా "వచ్చే నెల" దగ్గరే ఉన్నాయి.

ప్రకటన వేరు, ఫ్యాక్టరీ వేరు

ఆ రోజుల్లో నాయన ఒక మాట అన్నాడు: "కియా నిజంగా వచ్చె. అందుకే నీకు అన్నీ నిజమనిపిస్తాండాయి."

మా చుట్టుపక్కలే రెండు రకాల ఉదాహరణలూ ఉన్నాయి. గోరంట్ల మండలం పాలసముద్రం దగ్గర కస్టమ్స్, పరోక్ష పన్నుల అధికారుల జాతీయ అకాడమీ నాసిన్ వచ్చింది. 2024 జనవరి 16న ప్రధాని దాన్ని ప్రారంభించారు. అదే ప్రాంతంలో, చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 2000ల చివర్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో ఎనిమిది వేల ఎకరాలకు పైగా కేటాయించారు. ఆ హబ్ రాలేదు. భూములు కోర్టు కేసుల్లోకి వెళ్లాయి. ఆ పేరు నమ్ముకుని పక్కన సైటు కొన్నవాళ్ల పరిస్థితి ఊహించుకోండి.

వచ్చిన ఫ్యాక్టరీ అయినా మన సైటుకు అద్దె కట్టదు. ఖాళీ సైటు లెక్క ఇలా ఉంటుంది: 8.25 లక్షలు 9 శాతం వడ్డీకి తెచ్చామనుకుందాం. అయిదేళ్ల తర్వాత అది సుమారు 12 లక్షల 70 వేలకు అమ్ముడైతేనే మనకు లాభం, నష్టం రెండూ లేనట్టు. మన రాష్ట్రంలో కొన్నప్పుడు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం అదనం. పూర్తి ధర మీదైతే దాదాపు 62 వేలు. ఈ లెక్క నేను ఎక్సెల్‌లో వేసింది అడ్వాన్సు పోయాక. ఆఫీసులో చిన్న ఫీచర్‌కు కూడా వేసే లెక్క, ఎనిమిది లక్షలకు వేయలేదు.

కొనడం మానేసి కట్టాం

ఫ్యాక్టరీలకు వచ్చినవాళ్లు ఎక్కడ ఉంటున్నారు? ఈ ప్రశ్న వేసింది అమ్మ. అంగడికొచ్చే కుర్రాళ్లు రోజూ "ఆంటీ, రూమ్ ఏమైనా ఉందా" అని అడుగుతున్నారంట. కొందరిది కడప, కొందరిది తమిళనాడు, కొందరిది ఒడిశా. వాళ్లకు సైటు అక్కర్లేదు. బాత్రూమ్ ఉన్న ఒక గది కావాలి.

మాకు ఊళ్లో అయిదు సెంట్లలో పాత మిద్దె ఇల్లుంది. పైన ఖాళీ. అక్కడ మూడు గదులు వేద్దామనుకున్నాం. నాదీ ఇంజినీరింగే, కానీ కోడ్ పడిపోతే తిరగరాయొచ్చు, స్లాబ్ పడిపోతే కాదు. అందుకే పిల్లర్లు పై అంతస్తు మోస్తాయా లేదా అని ముందు సివిల్ ఇంజినీరుకు చూపించాం. పంచాయతీ అనుమతి తీసుకున్నాం.

లోన్ దగ్గర కొత్త సంగతి బయటపడింది. ఇల్లు తాత పేరు మీదే ఉంది. నాయన, చిన్నాయన నోటిమాటతో పంచుకుని ముప్ఫై ఏళ్లుగా ఉంటున్నారు. బ్యాంకుకు నోటిమాట పనికిరాదు. చిన్నాయన, అత్తవాళ్లతో కూర్చుని, భాగపరిష్కారం రిజిస్టర్ చేయించేసరికి నాలుగు నెలలు పట్టింది. మీ ఇంటి మీద ఏదైనా కట్టాలనుకుంటే ఈ పని ముందే మొదలుపెట్టండి. అందరూ మాట్లాడుకునే రోజుల్లోనే అయిపోతే మంచిది.

650 చదరపు అడుగులు, అడుగుకు 1,500 చొప్పున 9.75 లక్షలు అయింది. ఆరు లక్షలు లోన్, పదేళ్లకు 9 శాతం, ఈఎంఐ 7,600. గదికి నాలుగు వేల చొప్పున నెలకు 12,000 అద్దె. ఏడాదికి 1.44 లక్షలు. గది ఖాళీగా ఉన్న రోజులు, రిపేర్లు, మోటారు కరెంటు, సున్నం అన్నీ తీసేస్తే చేతికి వచ్చేది 1.18 లక్షల దగ్గర. ఈఎంఐలు కట్టాక ఏడాదికి మిగిలేది 27 వేల లోపు.

పెట్టిన డబ్బు మీద ఇది 12 శాతం రాబడి. వినడానికి బాగుంది. కానీ స్థలం మాది కాబట్టే అంత. స్థలానికి పన్నెండు లక్షలు వేసుకుంటే అదే రాబడి అయిదున్నర శాతానికి పడిపోతుంది. ఎవరైనా "నాకు ఇంత పర్సెంట్ వస్తోంది" అని చెబితే స్థలం కలిపి చెబుతున్నారా, వదిలేసి చెబుతున్నారా అని అడగండి.

మొదటి ప్రశ్న నీళ్లే

అద్దెకొచ్చే ప్రతి ఒక్కరూ టైల్స్ కంటే ముందు అడిగేది "నీళ్లొస్తాయా?" అనే. కియాకు గొల్లపల్లి రిజర్వాయర్ నుంచి హంద్రీ-నీవా నీళ్లు వెళ్తాయి. మా వీధికి బోరే దిక్కు. మాది 720 అడుగులు. 2024 వేసవిలో అది నెలన్నర దగ్గు దగ్గుతూ నడిచింది. టాంకర్లకే ఆరు వేలు పోయాయి. ఒక గదివాళ్లు ఖాళీ చేశారు. కాంట్రాక్టరు మారడంతో ఇంకో గది రెండు నెలలు ఖాళీ. ఆ రెండు నెలలూ ఈఎంఐ నా జీతంలోంచే కట్టాను. అందుకే ఆరు నెలల ఈఎంఐ పక్కన పెట్టుకున్నాకే ఇలాంటి పనికి దిగమని నా స్నేహితులకు చెబుతున్నాను.

అడ్వాన్సు రెండు నెలల అద్దె, పదకొండు నెలల అగ్రిమెంటు, ఆధార్ కాపీ. రూల్స్ ఇంతే. మిగతాది అమ్మ చూసుకుంటుంది. నైట్ షిఫ్ట్‌వాళ్లు పడుకునే టైములో మోటారు వేయనివ్వదు.

మొదలుపెట్టే ముందు

నన్నెవరైనా అడిగితే నాలుగు మాటలు చెబుతాను. సర్వే నంబరు తీసుకుని 22ఏ జాబితా, అడంగల్, 1-బి మీరే చూడండి. ఏజెంటు పంపిన వాట్సాప్ ఫొటో నమ్మొద్దు. ఆ ఊళ్లో పెద్దవాళ్లు ఇద్దరినైనా అడగండి, వాళ్లకు తెలిసింది ఏ వెబ్‌సైటులోనూ ఉండదు. లేఅవుట్ అయితే డీటీసీపీ లేదా పట్టణాభివృద్ధి సంస్థ ఎల్‌పీ నంబరు, రెరా నంబరు రెండూ ఉండాలి. "పంచాయతీ అప్రూవ్డ్" ఒక్కటే సరిపోదు. చివరిగా, బ్యాంకు లోన్ ఇవ్వనన్న స్థలాన్ని క్యాష్ పెట్టి కొనకండి. వాళ్ల లాయరు ఏదో చూసే వద్దని ఉంటాడు.

ఇల్లు నాయన పేరు మీద ఉంది కాబట్టి అద్దె ఆయన ఖాతాలోనే పడుతుంది. అరవై ఏళ్లలో వాన పడినా పడకపోయినా నెలనెలా వచ్చే డబ్బు ఆయనకు ఇదే మొదటిసారి. ఒకటో తారీఖున ఫోన్‌లో మెసేజ్ రాగానే కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదువుతాడు.

అమ్మ గాజులు మొదటి ఏడాది అద్దెతో విడిపించాం. ఆ తొంభై వేలు మాత్రం రాలేదు. ఇప్పటికీ బెంగళూరులో నాకు ఫోన్లొస్తాయి: "అన్నా, హైవే పక్కనే, మంచి సైటు." నేను అడిగేది ఒక్కటే: "ఏ సర్వే నంబరప్పా?" చాలా ఫోన్లు అక్కడితోనే ఆగిపోతాయి.