జంటముక్కల జోస్యం

రామగుండం, గోదావరిఖని ప్రాంతాలలో చిలకజోస్యం ఎరుగనివారు అరుదు. పంజరం తలుపు తెరుచుకుంటుంది. చిలక వరుసలోనుంచి ఒక పటాన్ని ముక్కుతో లాగి పడవేస్తుంది. జోస్యుడు దానిని విప్పి, రాములవారు వచ్చారో లక్ష్మీదేవి వచ్చిందో చూచి ఫలం చెబుతాడు. పటం ఒక్కటే గనుక చిక్కు లేదు. ఇటీవల చేతిఫోన్ల ద్వారా మన ఇండ్లలోనికి ప్రవేశించిన టారో పేక సంగతి వేరు. అందులో రెండు, మూడు, ఒక్కొక్కప్పుడు పది ముక్కలు కూడా పక్కపక్కన పరుస్తారు. విడివిడిగా ఒక్కొక్క ముక్కకు అర్థం పుస్తకంలో దొరుకుతుంది. జతకు దొరకడమే కష్టం. పేకలో ఉన్నవి 78 ముక్కలు. వాటిని రెండేసి చొప్పున జతపరచితే 3,003 జతలు. ఏది ముందు, ఏది వెనుక అన్నది కూడా లెక్కించితే 6,006. ఇన్నిటిని వల్లెవేయడం ఎవరి తరం? జతను చదవడానికి ఒక పద్ధతి అంటూ ఉండవలె. అది ఎట్టిదో విచారింతము.

ఈ పేక పుట్టినది జోస్యం కోసం కాదు. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ప్రభువులు, వారి పరివారం ఆడుకొన్న ఆట ఇది. ఇందులో ప్రాచీన ఈజిప్టువారి గూఢజ్ఞానం దాగియున్నదని 1781లో కూర్ ద జెబ్లాఁ అనే ఫ్రెంచి పండితుడు ప్రకటించాడు. దానికి చారిత్రకమైన ఆధారం లేకపోయినా ఆ మాటకు వ్యాప్తి మాత్రం బాగా కలిగింది. నేడు ఎక్కువగా కనిపించే బొమ్మలు 1909లో లండనులో వెలువడినవి. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ సూచనలను అనుసరించి పమేలా కోల్‌మన్ స్మిత్ అనే చిత్రకారిణి వాటిని చిత్రించింది. 22 పెద్ద ముక్కలు. తక్కిన 56 కర్రలు, పాత్రలు, కత్తులు, నాణేలు అని నాలుగు జాతులు.

పేకలో ఒక ముక్క విలువ మరొకదానిపై ఆధారపడి ఉండడం మనవారికి కొత్త విషయమేమీ కాదు. గోదావరి వెంబడి ఎగువకు పోతే నిర్మల్ ప్రాంతం వస్తుంది. అక్కడి చిత్రకారులు ఒకప్పుడు గంజీఫా ముక్కలు కూడా తయారుచేసేవారు. దశావతార గంజీఫాలో 120 గుండ్రని ముక్కలు, అవతారానికి ఒక జాతి చొప్పున పది జాతులు. రాజు, మంత్రి పోగా మిగిలిన అంకెలలో సగం జాతులకు పది పెద్దది. తక్కిన సగానికి ఒకటే పెద్దది! పగటిపూట ఆటకు రాముడు నాయకుడు. చీకటి పడితే కృష్ణుడు. ఎంత ముచ్చటైన ఏర్పాటు! చేతిలోని ముక్కను చూచినంత మాత్రాన అది గొప్పదో కాదో చెప్పడానికి వీలులేదన్నమాట.

ఇక జత చదివే తీరు. దీనికి పాశ్చాత్య గ్రంథాలకంటె మన బడిలో చదివిన సమాసాలే మేలైన దారి చూపుతాయని మా అభిప్రాయం. ‘తల్లిదండ్రులు’ అన్నప్పుడు ఇద్దరూ సమానులే. రెండు ముక్కలు ఇట్లా పక్కపక్కన నిలిచి, దేని ఫలం అది ఇచ్చే సందర్భాలున్నవి. అది ద్వంద్వం. ‘బొగ్గుగని’ అంటే గని ప్రధానం. ‘గనిబొగ్గు’ అంటే బొగ్గు ప్రధానం. మాటలు అవే అయినా తారుమారు చేస్తే విషయమే మారిపోతుంది. అనుభవం గల టారో పాఠకులు పలువురు మొదటి ముక్కను పరిస్థితిగాను, రెండవదానిని దాని పరిణామంగాను చదవడం ఈ తరహాకు చెందినదే. మూడవది ‘ముక్కంటి’ వంటిది. అందులో మూడు ఉన్నది, కన్ను ఉన్నది. అర్థం మాత్రం ఆ రెండూ కాదు, శివుడు. గోదావరిఖని అన్న పేరే చూడండి. ఒకటి నది, ఒకటి గని. కలిపి పలికితే మనకు తోచేది ఊరు, అంగడి, షిఫ్టు దిగి ఇంటికి వచ్చే మనుషులు. వైయాకరణులు దీనిని బహువ్రీహి అని ఒప్పుకోకపోవచ్చును; పోలిక కోసం చెప్పినాము.

పంచాంగం చూచే ఇండ్లలో ఈ మూడవ తరహా అందరికీ పరిచితమే. గురువారం ఒకటి, పుష్యమి నక్షత్రం ఒకటి. రెండూ కలిస్తే అమృతసిద్ధియోగమని ఆనందిస్తాము. అదే యోగాన్ని పెండ్లికి మాత్రం పనికిరాదని విడిచిపెడతారు. శనివారం రోహిణి కలిసినా అమృతసిద్ధియే, అయినా ప్రయాణానికి కూడదంటారు. అంటే వారనక్షత్రాలు రెండింటిని కలిపితే చాలదు. ఏ పనికోసం అడుగుతున్నారన్నది కూడా కలవవలె. జతకు అర్థమిచ్చే మూడవ ముక్క ప్రశ్నయే. ఆ ప్రశ్నను పక్కకు నెట్టి ‘ఈ రెండూ వస్తే చెడు’ అని ఖండితంగా చెప్పేవారిని మేము నమ్మము.

ఒక ఉదాహరణ తీసుకొందాము. తండ్రి అనారోగ్యంతో గని పని మానుకొన్నాడు. ఆ స్థానంలో కొడుకును చేర్చవచ్చునా అని తల్లి అడుగుతున్నది. మొదట నాణేల ఎనిమిది వచ్చినది: బల్లపై కూర్చొని నాణెం తరువాత నాణెం చెక్కుతున్న పనివాడు. రెండవది బురుజు: పిడుగు పడి కిరీటం ఎగిరిపోతున్నది, ఇద్దరు మనుషులు తలక్రిందుగా పడుతున్నారు. ఈ ముక్కను పాశ్చాత్యులు కుజగ్రహానికి అప్పగించారంటే మనవారికి భయం మరికొంత పెరగవచ్చును. పట్నంలో గుమాస్తా అయితే ఈ జతను చూచి బదిలీ వస్తుందేమో అనుకొంటాడు. ఇక్కడి తల్లికి తోచేది పైకప్పు కూలడమే. ఆ తోచడం అకారణం కాదు. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7వ ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు జొరబడి 17 మంది కార్మికులు మరణించారు. ఆ తేదీని మరువని ఇండ్లు ఇక్కడ ఉన్నవి. బొమ్మలో లేని నీరు కూడా ఆ ఇంటివారికి బొమ్మలో కనిపిస్తుంది.

జోస్యుడు ఇక్కడ చేయవలసిన పని ఏమిటి? నాణేల ఎనిమిది ఓపికతో నేర్చుకొనే పని. బురుజు నమ్ముకొన్న కట్టడం ఒక్కసారిగా మారిపోవడం. ఈ వరుసలో చదివితే ‘చేతిలోని పనికి ఆకస్మికమైన అంతరాయం’ అని వస్తుంది. ఆ ఇంట్లో అది జరిగిపోయినదే గదా! తండ్రి పని ఆగినది. ఆ జత జరుగబోయేదానిని కాక, జరిగినదానిని చెబుతున్నదని చదవడానికి ఏమీ అడ్డులేదు. తారుమారై బురుజు ముందు వచ్చి ఉంటే, కూలినచోట మరల మొదటినుంచి పని నేర్చుకొనడం అని చదివేవారు. రెండింటిలో ఏదీ కొడుకు ప్రాణం మాట ఎత్తలేదు. ఎత్తినదని చెప్పి తాయెత్తుకు, శాంతికి సొమ్ము అడిగేవాడు ముక్కలను చదవడంలేదు, తల్లి ముఖాన్ని చదువుతున్నాడు.

గనిలోపల కూడా రెండు గుర్తులను కలిపి చదివే విద్య ఒకటున్నది. దాని నియమం వేరు. పైకప్పు గట్టిగా ఉన్నదో లేదో తెలుసుకొనడానికి ఒక చేత్తో కర్రతో తట్టి, రెండవ చేతిని కప్పుకు ఆనించి చూస్తారు. చెవి చప్పుడును, చేయి అదురును పట్టుకొంటాయి. ఖణేలుమని మ్రోగితే మంచి గుర్తు. డొల్లచప్పుడు వస్తే రాయి పొర విడిపోయినట్లు. చప్పుడు బాగున్నా చేతికి అదురు తగిలితే ఆ చోటును నమ్మరు. టారోలో ఒక ముక్క కాఠిన్యాన్ని పక్కముక్క మెత్తపరచవచ్చును. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. రెండిటిలో ఏ ఒక్కటి చెడినా కప్పు చెడినట్లే. దిమ్మెలు నిలిపి ఆధారం కట్టేవరకు కిందికి ఎవరూ పోగూడదు.

కొడుకు విషయంలో ఆ తల్లి అడిగి తెలుసుకొనదగినవి ఈ రెండవ రకపు విద్యకు చెందినవి. పని భూగర్భంలోనా, ఉపరితలంలోనా? చేరినవెంటనే ఇచ్చే శిక్షణ ఎన్నాళ్ళు? ఆ గనిలో పాతపని ప్రాంతాలలో నీరు నిలిచి ఉన్నదా, దానిని కొలిచి పటంలో గుర్తించారా? వీటికి సమాధానం చెప్పగలవారు గని కార్యాలయంలోను, కార్మిక సంఘంలోను, అన్నిటికంటె ముఖ్యంగా ఆ ఇంట్లోనే మంచంమీద కూర్చొని ఉన్న తండ్రిలోను ఉన్నారు.