చచ్చినా తిరిగొచ్చే ఊరు

*అరవై ఏళ్లు దాటినా ఆగని అమెరికా మధ్యాహ్నపు సీరియల్ ‘జనరల్ హాస్పిటల్’. దాన్ని తిట్టుకుంటూనే రోజూ చూసే ఒక తెలుగు ప్రేక్షకురాలి మాట ఇది.*

న్యూయార్క్ రాష్ట్రంలో పోర్ట్ చార్లెస్ అని ఒక ఊరుంది. మ్యాపులో వెతక్కండి, దొరకదు. ఊళ్లో ఒక పెద్దాసుపత్రి, ఒక రేవు, ఒక మాఫియా నాయకుడు, ఒకరినొకరు పీక్కుతినే ఒక కోటీశ్వరుల కుటుంబం ఉంటాయి. పక్కనే ఉన్న చిన్న దీవిలో పాతకాలపు రాజవంశం ఒకటి కాపురం పెట్టింది. ఇక్కడ పెళ్లి సజావుగా జరిగితే అది వార్త. పోయినవాళ్లు తిరిగి రాకపోతే అది వింత. 1981లో ఆ రాజవంశపు పెద్ద ఒక యంత్రం పెట్టి, ఎండాకాలంలో ఊరి మీద మంచు కురిపించి, ప్రపంచాన్నే గడ్డకట్టిస్తానని బెదిరించాడు. ఒక ఆసుపత్రి సీరియల్లో ఇదెందుకని అడిగినవాళ్లు తక్కువ.

ఆ సీరియల్ పేరు ‘జనరల్ హాస్పిటల్’. ఫ్రాంక్ హర్స్‌లీ, డోరిస్ హర్స్‌లీ అనే భార్యాభర్తలు రాసిన ఈ కథ 1963 ఏప్రిల్ 1న ఏబీసీ ఛానల్లో, నలుపు తెలుపుల్లో, రోజుకు అరగంట చొప్పున మొదలైంది. 1978లో గంట సీరియల్ అయింది. 2022 జూన్‌లో 15,000వ ఎపిసోడ్ వేశారు. ఇంకా నడుస్తూనే ఉంది. మన ఈటీవీలో మధ్యాహ్నం పూట వచ్చిన ‘అభిషేకం’ 2008 నుంచి 2022 దాకా సాగి నాలుగు వేల ఎపిసోడ్ల దగ్గర ఆగితే అబ్బో అనుకున్నాం. ఇది దానికి దాదాపు నాలుగింతలు.

నేను దీన్ని కోరి చూడలేదు. మొగుడి ఉద్యోగం వెంట హెచ్-4 వీసా మీద అమెరికా వచ్చిన వేలమంది తెలుగు ఆడవాళ్లలో నేనొకదాన్ని. ఆ వీసా మీద ఉన్నవాళ్లలో కొందరికైనా పనిచేసుకునే అనుమతి దొరికింది 2015లో. అంతకుముందు డిగ్రీలు సూట్‌కేసులో, కారు మొగుడి చేతిలో. మధ్యాహ్నానికి ఇక్కడ మనం ఖాళీ అయ్యేసరికి ఇండియాలో అర్ధరాత్రి దాటుతుంది. అమ్మకు ఫోన్ చేద్దామన్నా నిద్ర లేపినట్టే. కేబుల్ లేకపోయినా యాంటెన్నాకు ఉచితంగా అందే ఛానల్ ఏబీసీ. అలా తగులుకుంది ఇది. ఉద్యోగం వచ్చాక కూడా వదల్లేదు. కాకపోతే ఇప్పుడు రాత్రి అంట్లు తోముకున్నాక చూస్తాను.

ఇన్నేళ్ల చూపులో నాకు ఏర్పడిన అభిప్రాయం ఒకటుంది. దీని కథల్లో సగం చెత్త. అయినా ఇది గొప్ప సీరియల్. కారణం, ఇది తన పాతరోజుల్ని పారేసుకోలేదు. పారేసుకున్నప్పుడల్లా చెడింది కూడా.

వయసు దాచని మనుషులు

మన సీరియళ్లలో కథ మొండికేస్తే దర్శకుడు ఒక కార్డు వేస్తాడు: ‘పదేళ్ల తర్వాత’. కథానాయికకు కళ్లజోడు, చెవి పక్కన నాలుగు తెల్లవెంట్రుకలు. పిల్లలకు పెళ్లీడు. అంతకుముందు నలిగిన గొడవలన్నీ మాఫీ. పోర్ట్ చార్లెస్‌లో ఆ సదుపాయం లేదు. మన ఇంట్లో క్రిస్మస్ వస్తే వాళ్లింట్లోనూ వస్తుంది. మనకు ఒక ఏడాది గడిస్తే వాళ్లకూ ఒక ఏడాదే.

పిల్లల విషయంలో మాత్రం మోసం చేస్తారు. ఎనిమిదేళ్ల పిల్ల బోర్డింగ్ స్కూలుకు వెళ్లి మూడు నెలల్లో పదహారేళ్లదై తిరిగొస్తుంది. అది సరిపెట్టుకోవచ్చు. పెద్దవాళ్ల ముఖాలు మాత్రం అబద్ధమాడవు. జీనీ ఫ్రాన్సిస్ 1977లో పద్నాలుగేళ్ల పిల్లగా లారా పాత్రలోకి వచ్చింది. మధ్యమధ్య వెళ్తూ, వస్తూ, ఇప్పటికీ ఆవిడే లారా. పెళ్లిళ్లయ్యాయి, మతి తప్పి ఏళ్లు పోయాయి, అమ్మమ్మ అయింది, ఊరికి మేయరయింది. 15,000వ ఎపిసోడ్‌ను ఆవిడ చుట్టూనే అల్లారు. బేస్‌బాల్ ఆడి మానేసి నటుడైన జాన్ బెరాడినో, డాక్టర్ స్టీవ్ హార్డీగా మొదటి ఎపిసోడ్ నుంచి 1996లో పోయేదాకా ఆ తెల్లకోటులోనే ఉన్నాడు.

1977 నుంచి డాక్టర్ మోనికాగా వేసిన లెస్లీ చార్ల్‌సన్ 2025 జనవరిలో చనిపోయింది. అదే ఏడాది కథలో మోనికా కూడా పోయింది. ఆ అంత్యక్రియల్లో ఏడ్చిన నటుల్లో ఎంత నటనో, ఎంత నిజమో నేను చెప్పలేకపోయాను. సినిమాలో ఇది కుదరదు. కొన్ని దశాబ్దాలు ఒకే మనిషిని రోజూ చూసినవాళ్లకే దక్కే దుఃఖమది.

క్షమించలేని పెళ్లి

1977 చివరికి ఈ సీరియల్ ఆగిపోయే స్థితిలో ఉండేది. మరుసటేడు గ్లోరియా మాంటీ నిర్మాణ బాధ్యత తీసుకుని, నత్తనడక దృశ్యాలు తీసేసి, కుర్రాళ్ల కథలు ఎక్కించి, పరుగు నేర్పింది. ఆ పరుగు శిఖరం 1981 నవంబర్ 16, 17 తేదీల్లో వచ్చిన ల్యూక్, లారాల పెళ్లి. మూడు కోట్ల మంది చూశారు. అభిమానిగా అడిగి మరీ వేషం వేసిన ఎలిజబెత్ టేలర్, కొత్త దంపతులకు శాపం పెట్టి వెళ్లింది. అమెరికా పగటి సీరియళ్ల చరిత్రలో అంతమంది ఇంకే ఎపిసోడ్‌నూ చూడలేదు.

ఆ శుభలేఖ వెనక ఉన్న కథ వేరు. పెళ్లికి రెండేళ్ల ముందు, 1979లో, ఇదే ల్యూక్ ఇదే లారాను బలాత్కారం చేశాడు. ఆ తర్వాత జంట బాగుందని జనం మెచ్చుకోగానే, జరిగిన దారుణానికి మెల్లమెల్లగా వలపు రంగు పూశారు. పాడుచేసినవాడికే ఇచ్చి పెళ్లి చేయండని తీర్పు చెప్పే పెద్దమనుషులు మనకూ తెలుసు. ఆ తీర్పును సుఖాంతంగా చూపిన మన సినిమాలూ తెలుసు. అందుకే ఆ పెళ్లిని ‘స్వర్ణఘట్టం’ అంటూ ప్రతి వార్షికోత్సవానికీ మళ్లీ చూపిస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. 1998లో ఆ ఇద్దరి కొడుకు లకీ, కౌమారంలో ఉండగా, ఈ నిజం తెలుసుకుంటాడు. తండ్రిని నిలదీస్తాడు. పంతొమ్మిదేళ్లు చాప కింద తోసిన విషయాన్ని సీరియలే బయటికి లాగి, తల్లి చేత మాట్లాడించింది. రెండు గంటల సినిమాకు తన తప్పు మీద తీర్పు చెప్పుకునే వ్యవధి ఉండదు. దీనికి ఉంది. దాన్ని వాడుకుంది కూడా. నా దృష్టిలో పెళ్లి కంటే ఆ కొడుకు అడిగిన ప్రశ్నలే పెద్ద ఘట్టం.

ఏడిపించిన రెండేళ్లు

ఈ సీరియల్ అత్యుత్తమ కాలం ఏదని ఎవరడిగినా తడుముకోను: 1994, 95. రచన క్లెయిర్ లబైన్, నిర్మాణం వెండీ రిష్. ఆ ఎపిసోడ్లు నేను తర్వాతెప్పుడో దొరకబుచ్చుకుని చూశాను.

డాక్టర్ టోనీ జోన్స్ కూతురు బీజే. స్కూలు బస్సు ప్రమాదంలో మెదడు చచ్చిపోతుంది. అదే ఆసుపత్రిలో ఆ పిల్ల చిన్నాన్న కూతురు మ్యాక్సీ గుండె చెడి చావుకు దగ్గర్లో ఉంటుంది. తల్లిదండ్రులు బీజే గుండెను మ్యాక్సీకి ఇస్తారు. ఆపరేషన్ అయ్యాక టోనీ ఆ గదిలోకి వచ్చి, మ్యాక్సీ గుండెల మీద తల ఆనించి, తన కూతురి గుండె చప్పుడు వింటాడు. డైలాగు అక్కర్లేదు. మన టీవీలో అయితే అక్కడ మూడుసార్లు ఉరుము ఉరిమి, ఆరుగురి ముఖాలు మీదికొచ్చేవి.

ఆ మరుసటేడు స్టోన్ అనే కుర్రాడు ఎయిడ్స్‌తో చనిపోతాడు. వాణ్ని ప్రేమించిన రాబిన్‌కు హెచ్ఐవీ ఉందని తేలుతుంది. ఆ వేషం వేసిన కింబర్లీ మెకలాను ఏడేళ్ల పిల్లగా 1985 నుంచీ ప్రేక్షకులు ఎరుగుదురు. వాళ్లింటి పిల్లకే ఆ జబ్బు వచ్చినట్టయింది. మన దగ్గర అప్పుడు ఎయిడ్స్ అంటే గోడల మీద భయపెట్టే రాతలే. ఈ సీరియల్ రాబిన్‌ను చంపలేదు. మందులు వేసుకుంటూ చదివి అదే ఆసుపత్రిలో డాక్టరయింది, పెళ్లి చేసుకుంది, 2008లో ఆ జబ్బు సోకని బిడ్డను కన్నది. హెచ్ఐవీతో బతకొచ్చని ఏళ్ల తరబడి బతికి చూపించడం కరపత్రాల వల్ల అయ్యే పని కాదు.

ఆసుపత్రి ఎక్కడ?

ఇక నా ఫిర్యాదు. 1993లో సోనీ కొరింథోస్ అనే రౌడీ ఊళ్లోకి దిగాడు. ఆ వేషం వేసే మారిస్ బెనార్డ్ గొప్ప నటుడు, అందులో అనుమానం లేదు. బైపోలార్ జబ్బుతో తను పడిన బాధను బహిరంగంగా చెప్పుకున్నాడు. అదే జబ్బును సోనీకి పెట్టి రాసినప్పుడు నిజాయితీగా చేశాడు. అయితే సోనీ ఎంతమందిని చంపించినా, పిల్లల్ని ముద్దు చేస్తాడు కనుక, పాస్తా బాగా వండుతాడు కనుక మనం వాణ్ని ప్రేమించాలని సీరియల్ పట్టుబడుతుంది. కథంతా వాడి తుపాకీ చుట్టూ తిరుగుతుంటే, పేరులో ఉన్న ఆసుపత్రి కాఫీ తాగుతూ గొడవపడే వరండాగా మిగిలింది.

మా అత్తగారు వచ్చి ఉన్నప్పుడు పక్కన కూర్చుని చూసేది. ఇంగ్లీషు రాకపోయినా వారం తిరక్కుండా ఎవరికెవరు ఏమవుతారో పట్టేసింది.

“అమ్మాయ్, ఆ సొట్టబుగ్గలవాడు మంచివాడా, చెడ్డవాడా?”

“చెడ్డవాడే అత్తయ్యా. కానీ హీరో.”

“ఈ ఊళ్లో పోలీసులు లేరా?”

“ఉన్నారు. వాళ్లలో ఒకడు వీడి కొడుకే. కొడుకని తెలియక వాణ్నీ కాల్చాడు ఒకసారి.”

“మరింకే,” అని ఊరుకుంది. ముప్పై ఏళ్ల మాఫియా కథ మీద ఇంతకంటే మంచి సమీక్ష నేను చదవలేదు.

పోయినవాళ్లు తిరిగి రావడం సంగతీ చెప్పాలి. ‘కార్తీకదీపం’ 2023లో ముగిసి, మరుసటేడే ‘నవవసంతం’గా తిరిగొచ్చినప్పుడు దాని కథానాయిక వంటలక్కను నవ్వుతూ ఆహ్వానించినదాన్ని, నాకు అభ్యంతరమేం ఉంటుంది? అయినా దేనికైనా హద్దుండాలి. సోనీకి కుడిభుజమైన జేసన్ పాత్రలోకి 2014లో బిల్లీ మిల్లర్ వచ్చాడు. మూడేళ్లు అతనే జేసన్ అని మనల్ని నమ్మించారు. పాత నటుడు స్టీవ్ బర్టన్ 2017లో తిరిగి రాగానే, ఆ మూడేళ్లూ ఉన్నవాడు జేసన్ కాదు, కవల సోదరుడని తేల్చారు. వాడి ప్రేమ, పెళ్లి నమ్మిన ప్రేక్షకురాలు పిచ్చిదైపోయింది.

పిజ్జా పండగ

ఇంత తిట్టి కూడా ఎందుకు చూస్తానో చెప్పాలంటే థాంక్స్‌గివింగ్ ఎపిసోడ్ గురించి చెప్పాలి. కోటీశ్వరులైన క్వార్టర్‌మెయిన్ కుటుంబం ఆ రోజు టర్కీ కోడి విందుకు కూర్చుంటుంది. ప్రతిసారీ ఏదో ఒక ఉపద్రవం వచ్చి ఆ కోడి నోటికందకుండా పోతుంది. చివరికి అందరూ ఫోన్ చేసి పిజ్జా తెప్పించుకుని, పాట పాడి తింటారు. ఏళ్లుగా ఇంతే. కథ ఏ మలుపులో ఉన్నా, రచయితలు మారినా, ఈ ఆనవాయితీ తప్పదు. కొత్తగా చూసేవాళ్లకు అందులో ఏమీ లేదు. పాతవాళ్లం మాత్రం ఈసారి కోడికి ఏ గతి పడుతుందోనని వారం ముందు నుంచే ఎదురుచూస్తాం. టేబుల్ దగ్గర ఎవరి కుర్చీ ఖాళీ అయిందో కూడా మాకే తెలుస్తుంది.

అలాంటి కుర్చీలు ఇప్పుడు అమెరికా టీవీలోనే ఎక్కువయ్యాయి. సబ్బుల కంపెనీల డబ్బుతో రేడియోలో పుట్టిన ఈ పగటి సీరియల్ ప్రక్రియలో 1937 నాటి ‘గైడింగ్ లైట్’ 2009లో ఆగింది. ‘యాజ్ ద వరల్డ్ టర్న్స్’ 2010లో, ఏబీసీవే అయిన ‘ఆల్ మై చిల్డ్రన్’, ‘వన్ లైఫ్ టు లివ్’ 2011, 2012ల్లో పోయాయి. ‘డేస్ ఆఫ్ అవర్ లైవ్స్’ 2022లో టీవీ వదిలి పీకాక్ అనే ఓటీటీకి మారింది. పగలు ఇంట్లో ఉండే ఆడవాళ్లు తగ్గారు, టాక్ షోలు చవగ్గా తయారవుతాయి. ల్యూక్, లారాల పెళ్లి చూసిన జనంలో పదోవంతు కూడా ఇప్పుడు ‘జనరల్ హాస్పిటల్’ను టీవీలో చూడటం లేదు. 2025లో సీబీఎస్ ‘బియాండ్ ద గేట్స్’ అనే కొత్త పగటి సీరియల్ మొదలుపెట్టడం ఒక్కటే ఊరట.

మన ఛానళ్లకు ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగల్లేదు. తగిలేలోపు నేర్చుకోదగ్గది ఈ సీరియల్లోనే ఉంది. కథానాయికను కాలంతో పాటు పెద్దదాన్ని కానివ్వండి. అత్తగారికి విషం కలపడం కాక వేరే పనివ్వండి, ఆవిడకూ ఒక గతం ఉంటుంది. ఐదువందల ఎపిసోడ్ల క్రితం చేసిన అన్యాయాన్ని ‘పదేళ్ల తర్వాత’ కార్డుతో కొట్టేయకుండా, లకీలాగా ఒక కొడుకు చేత అడిగించండి. ఖర్చు కూడా ఏమీ కాదు. మీరు మర్చిపోయినవన్నీ చూసేవాళ్లకు గుర్తున్నాయి, వాళ్లనే అడిగినా చెబుతారు.

పోర్ట్ చార్లెస్ రచయితలకు కూడా ఒక అర్జీ. హెడ్ నర్సు ఎపిఫనీగా పదహారేళ్లు వేసిన సోన్యా ఎడ్డీ 2022లో చనిపోయాక, ఆవిడ కోసం మీరు తీసిన నివాళి ఎపిసోడ్లో ఆసుపత్రి మళ్లీ ఆసుపత్రిలా కనిపించింది. ఒక నర్సు పోతేగానీ నర్సుల కథ చెప్పరా? సోనీని ఒక నెల సెలవు మీద పంపండి. వార్డులో రాత్రి డ్యూటీ చేసేవాళ్ల కథ చెప్పండి. సోనీ ఎక్కడికీ పోడు, పోయినా ఎలాగూ తిరిగొస్తాడు.