ఉచ్చునకు పక్షపాతము తగునా?

సెల్‌ఫోనులందును కంప్యూటరులందును ఆడు వీడియో ఆటలను గూర్చి పిల్లలు ఒక చిక్కు ప్రశ్న వేయుచుందురు. ఆటలోని వీరుడు నడచు దారిలో గోతులు, ముళ్ళు, నిప్పులు ఉండును. అతడు కాలు జారెనా, ప్రాణమే పోవును. అతనిని తరుముకొని వచ్చు శత్రువు మాత్రము అదే నిప్పుల మీద నిర్భయముగా నడచిపోవును. ఇది న్యాయమేనా? పైకి పిల్లల తగవు వలె కనిపించినను, ఇది ఆట మీద నమ్మకమునకు సంబంధించిన ప్రశ్న. నమ్మకము పోయిన ఆటలో ఓడినవాడు తన పొరపాటును వెదకుకొనడు, ఆటనే నిందించును.

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతములలో పులిజూదము ఎరుగని పెద్దలు అరుదు. మూడు పులులు, పదునైదు మేకలు. పులి మేక మీదుగా దుమికి దానిని చంపగలదు. మేకకు ఆ శక్తి లేదు. మేకలన్నియు కూడి పులిని కదలకుండ కట్టివేయవలెను. బలములు సమానము కావు. అయినను నేలపై గీచిన గీతలు ఇరువురికిని ఒక్కటే. పులి అయినను గీత దాటి పోరాదు. అందుచేతనే ఓడినవాడు అన్యాయమని మొరపెట్టడు. వైకుంఠపాళియందును అంతే. ఎవరి కాయ పాము నోట పడినను క్రిందికి జారవలసినదే. లోకానుభవము కూడ ఇట్టిదే. 2019 సెప్టెంబరులో కుందూనది పొంగినప్పుడు, ఆ నీరు ఇల్లు ఎవరిదని అడిగి రాలేదు.

వీడియో ఆటలను నిర్మించినవారు ఈ విషయమున పలు మార్గములు త్రొక్కినారు. 1983లో వెలువడిన లోడ్ రన్నర్ ఆటలో, ఆటగాడు ఇటుకనేలలో గొయ్యి త్రవ్వును. వెంబడించు కావలివాడు అందులో పడి చిక్కును. గొయ్యి పూడుకొనిపోయినచో లోపలనున్నవాడు, కావలివాడైనను ఆటగాడైనను, నశించును. 1993 నాటి డూమ్ ఆటలో విషద్రవము నిండిన నేల ఆటగానినే బాధించును గాని రాక్షసులను బాధింపదు. అదే ఆటలో ప్రేలుడు పీపాలు మాత్రము రాక్షసులను కూడ చంపును. 1980 నాటి ప్యాక్-మ్యాన్‌లో పక్షపాతము తారుమారైనది. ప్రక్క సొరంగములో దయ్యముల వేగము తగ్గును, ఆటగాని వేగము తగ్గదు. 2012లో నూతన రూపమున వెలువడిన స్పెలంకీలోని బాణపుటుచ్చు ఎదుట ఎవరు కదలినను వదలిపెట్టదు.

శత్రువులను ఆపదలనుండి తప్పించుటకు కారణము లేకపోలేదు. ఆటగాడు రాకమునుపే వారందరు గోతులలో పడి చచ్చినచో అతనికి మిగులు పని ఏమి? శత్రువు దారి వెదకుకొను లెక్కలో ప్రతి గోతిని ప్రమాదస్థలముగా చేర్చుట నిర్మాతకు అదనపు శ్రమ. ఆ శ్రమ పడనిచో, శత్రువు వరుసగా గోతిలో దూకుచు నవ్వులపాలగును.

ఈ చిక్కునకు పరిష్కారము భారతములోని మయసభయందే కలదు. నేల యనుకొని అడుగు వేసి దుర్యోధనుడు నీట పడెను. పాండవులు పడలేదు. నీరు వారిని తడుపదనియా? కాదు, అది వారి ఇల్లు, మడుగు ఎచ్చట నున్నదో వారెరుగుదురు. వీడియో ఆటలోని శత్రువు కూడ తన కోటలోని గోతులను ఎరిగి తప్పుకొని నడచుట సహజమే. కాని ఆటగాడు ఉపాయముతో అతనిని అందులోనికి త్రోసినప్పుడు గొయ్యి తన పని తాను చేయవలెను. తెలివిలో తేడా ఉండవచ్చును, నేల ధర్మములో తేడా ఉండరాదు. ఒకవేళ నిర్మాత ఆ తేడాను కోరి పెట్టినచో, ప్యాక్-మ్యాన్ సొరంగము వలె అది ఆరంభముననే కంటికి కనబడవలెను, ఆట ముగియువరకు మారరాదు.

ఇంట పిల్లవాడు “ఈ ఆట మోసము” అని విసుగుకొన్నప్పుడు పెద్దలు కసరివేయక, ఏ నియమము ఎవరికి వర్తించలేదో చెప్పుమని అడుగవచ్చును. నియమము అందరికి ఒక్కటిగా నుండవలెనను భావము చాలమందికి మొదట కలుగునది ఆటలోనే గదా!