పదమూడు ఇళ్ళలో ఒక హార్ప్ కచేరీ

సావనీరుకు ఏదైనా రాయమని యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు హాస్టలు జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. కాని అవి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఆ సాంబారు గురించి చెప్పవలసిందంతా చెప్పేశారు కూడా. అందుచేత ఆ హాస్టలు మిత్రులమే ఈ వయస్సులో కలిసి విన్న ఒక కచేరీ గురించీ, ఆ వాద్యం గురించీ రాస్తున్నాను.

2020 లాక్‌డౌన్‌లో మొదలైంది మా ఆదివారం సభ. ఒకప్పుడు ఒకే వరండాలో కాపురమున్న పదమూడు మందిమి రాత్రి ఎనిమిదిన్నరకి కంప్యూటర్ల ముందు చేరేవాళ్ళం. హైదరాబాదులో అయిదుగురు, విశాఖలో నలుగురు, తక్కినవాళ్ళు తలోచోట, ఒకడు లండన్‌లో డాక్టరు. 2021 వేసవిలో పన్నెండు మందిమి మిగిలాం. కరోనాతో పోయినవాడు నా రూమ్మేటు. వాడి స్థానంలో వదినగారిని రమ్మన్నాం. వచ్చేవారు, కూర్చునేవారు, మాట్లాడేవారు కాదు. ఆవిడ మంచి వైణికురాలు. నాన్న పోయాక అమ్మ వీణ గవిసెన విప్పలేదని వాళ్ళమ్మాయి నాతో అన్నది.

ఆ డిసెంబరులో మా డాక్టరు తనకు తెలిసిన హార్ప్ విద్వాంసురాలొకరిని మా సభకు ఒప్పించాడు. ఆమె లండన్‌లో తన ఇంట్లోనే కూర్చుని గంటసేపు వాయించేటట్లు, మేము ఎవరి ఇళ్ళలో వాళ్ళం వినేటట్లు ఏర్పాటు. "ముందు ఆ హార్ప్ అంటే ఏమిటో నువ్వు చెప్పరా, పుస్తకాలు తిరగేసేవాడివి నువ్వేగా" అని ఆ పని నా నెత్తిన పెట్టారు.

నేను చెప్పినది ఇది. నేటి కచేరీ హార్ప్ దాదాపు ఆరడుగుల ఎత్తు, 35 నుంచి 40 కిలోల బరువు, 47 తీగలు. మంద్రంలో లోహపు తీగలు, నడుమ పేగుతో చేసినవి, పైన నైలానువి. వాయించేవారు దాన్ని కుడి భుజానికి ఆనించుకొని రెండువైపుల నుంచీ మీటుతారు. చిటికెన వేళ్ళకు పని లేదు. ఎనిమిది వేళ్ళదే కచేరీ అంతా. ఇన్ని తీగల్లో దారి తప్పకుండా రంగులు వేస్తారు. వాళ్ళ 'సి' స్వరాన్ని మన షడ్జం అనుకుంటే, ప్రతి 'స' తీగా ఎరుపు, ప్రతి 'మ' తీగా నలుపు.

అసలు కిటుకు కాళ్ళ దగ్గర ఉంది. అడుగున ఏడు పెడళ్ళు, ఏడు స్వరాలకూ ఒక్కొక్కటి. ఎడమ కాలికి స, రి, ని. కుడి కాలికి గ, మ, ప, ద. ఒక్కొక్క పెడలుకు మూడు మెట్లు. 'గ' పెడలు తొక్కితే పైన చిన్న బిళ్ళలు తిరిగి, వాద్యం మీదున్న గాంధార తీగలన్నిటినీ ఒక్కసారిగా నొక్కి పొట్టి చేస్తాయి, స్వరం పెరుగుతుంది. రెండు అంచెల్లో పెంచే ఈ ఏర్పాటుకు సెబాస్టియన్ ఎరార్డ్ 1810లో లండన్‌లో పేటెంటు పొందాడు. చేతులతో వాయిస్తూ కాళ్ళతో మేళం మార్చడమన్నమాట. కుట్టుమిషను తొక్కినవాళ్ళకు ఇందులో కొంత తెలుస్తుంది.

"ఇది మనది కాదుగా" అన్నాడు ఒకడు. కానేమి? నాట్యశాస్త్రంలోని ఏడు తీగల చిత్రవీణ, తొమ్మిది తీగల విపంచి ఈ కుటుంబానివేనని పండితులు చెబుతారు. సముద్రగుప్తుడి బంగారు నాణెం మీద ఆ మహారాజు ఒళ్ళో పెట్టుకున్న వీణ విల్లులా వంగిన హార్పే. మన అమరావతి శిల్పాల్లో కూడా అటువంటిదే కనబడుతుంది. బర్మాలో ఆ జాతి వాద్యం ఇప్పటికీ వాయిస్తున్నారు. మన దగ్గరే పోయింది. ఒక తీగకు ఒకే స్వరం పలికే వాద్యం గమకానికి చాలలేదనీ, మెట్ల మీద తీగను లాగే వీణ దాని చోటు తీసుకుందనీ చెబుతారు. నాకది సబబుగానే తోస్తుంది.

కచేరీ హాండెల్ కాన్సర్టోతో మొదలైంది. 1736లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో మొదట వినిపించిన కృతి. ఈవిడ వాద్యబృందం లేకుండా ఒంటరిగా వాయించారు. అయిదు నిమిషాలకే మా మొహాలు చిన్నబోయాయి. ఒక్కొక్క స్వరం టక్కుమని పుట్టి టక్కుమని చస్తోంది. రేకు డబ్బా మీద పప్పులు రాల్చినట్టుంది. ఇంతమాత్రానికేనా ఆ 47 తీగలు అనుకున్నాను.

మా బృందంలోని ఫిజిక్సు మేష్టారు అడ్డం వచ్చి, "ఆగండి, ఇది ఆవిడ తప్పు కాదు, వాద్యం తప్పూ కాదు" అన్నాడు. ఈ మీటింగు ఏర్పాట్లన్నీ మాట కోసం చేసినవి. మాట తెగుతూ తెగుతూ వస్తుంది. తెగకుండా సాగే ధ్వనిని అవి ఫ్యాను రొద అనుకొని తుడిచేస్తాయి. హార్ప్‌లోనేమో మీటినంతసేపు మీటు, ఆ తరవాతిదంతా సంగీతం. తీగ తనంతట తాను సన్నబడుతూ పోతుంది. వద్దనుకుంటే అరచెయ్యి ఆనించి ఆపాలి. ఆ సన్నబడే భాగాన్నే యంత్రం మింగేస్తోంది. డాక్టరు ఆమెకు ఫోను చేశాడు. రొదను అణిచే ఏర్పాటు తీసేసి, శబ్దాన్ని ఉన్నదున్నట్టు పంపే మీట నొక్కారావిడ. మేమంతా మైకులు మూసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాం.

తరవాత గాబ్రియెల్ ఫోరే రాసిన ఇంప్రాంప్టు. 1904లో పారిస్ సంగీత కళాశాల పోటీ కోసం పుట్టిన కృతి. ఈసారి మంద్రపు తీగ మీటితే దాని మీద రెండోది, మూడోది వచ్చి చేరేదాకా మొదటిది ఇంకా ఉంది. గమకం లేదు, నిజమే. ఆ లోటును తీరుస్తున్నది ఈ మిగిలి ఉండడమే. ఎవరూ "భేష్" అనలేదు. మైకులు మూసి ఉన్నాయి కనుక అన్నా వినబడేది కాదు.

చివర ప్రశ్నలడగమన్నారు. అందరికంటే ముందు వదినగారి మైకు తెరుచుకుంది. "తీగలు ఎన్నాళ్ళకోసారి మారుస్తారండీ?" డాక్టరు ఇంగ్లీషు చేసి అడిగాడు. పేగు తీగలు ఎప్పుడు తెగుతాయో చెప్పలేమనీ, ఒక్కోసారి అర్ధరాత్రి పేలి నిద్ర లేపుతాయనీ ఆమె నవ్వారు. వదినగారు కూడా నవ్వారు. ఆవిడ నవ్వు విని ఏడు నెలలైంది.

పదిరోజుల తరవాత నాకు ఫోను వచ్చింది.

"అన్నయ్యగారూ, వీణకు మైనం వదిలేసి మెట్లు కదులుతున్నాయి. మేళం కట్టేవాళ్ళెవరైనా తెలుసా?"

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఉన్నారన్నాను. వీణను కారులో వెనక సీటు మీద పడుకోబెట్టి తీసుకెళ్ళాలా, నిలబెట్టి తీసుకెళ్ళాలా అని అడిగారు. పడుకోబెట్టి, కుండకింద దిండు పెట్టమన్నాను.