గంధకపు వంతెనలు – ఉష్ణపరీక్ష

బేగంబజారు పాత్రల దుకాణాలలో ప్రెషర్ కుక్కరుతోపాటు దాని గాస్కెట్టు విడిగా కూడా లభిస్తుంది. కుక్కరు ఏళ్లతరబడి మన్నుతుంది. నల్లరబ్బరు వలయం మాత్రం కొంతకాలానికే బిగుసుకొని, పగుళ్లువారి, ఆవిరిని పట్టలేకపోతుంది. సుమారు 120 డిగ్రీల సెల్సియస్ వేడి లోహానికి లెక్కలోనిది కాదు. రబ్బరుకు అది నిత్యపరీక్ష.

పచ్చిరబ్బరు పొడవైన బృహదణువుల పోగు. ఎండకు జిగురై, చలికి పెళుసుబారే ఆ పదార్థం గంధకంతో కలిపి వేడిచేస్తే దృఢమవుతుందని 1839లో అమెరికాలో ఛార్లెస్ గుడియర్ కనుగొన్నాడు. గంధక పరమాణువులు ఒక గొలుసునుండి మరొక గొలుసుకు వంతెనలు వేస్తాయి. ఇదే వల్కనీకరణం, మన పంక్చరు దుకాణాల పలకలపై కనిపించే ‘వల్కనైజింగ్’ ఇదే.

అయితే వంతెనలన్నీ ఒక్కతీరున ఉండవు. కొన్నింటిలో ఒకే గంధక పరమాణువు, కొన్నింటిలో నాలుగైదు వరుసగా. కర్బన పరమాణువుల నడుమ బంధాన్ని తెంచడానికి మోలుకు సుమారు 350 కిలోజౌళ్లు కావాలి. గంధక పరమాణువుల నడుమ బంధానికి అంతకంటె చాలా తక్కువ చాలు. కనుక పొడవైన వంతెనలే ముందు తెగుతాయి. తెగిన పిదప సహజరబ్బరు మెత్తబడుతుంది. నైట్రైల్ రబ్బరు వంటివాటిలో విడివడిన గంధకమూ, గాలిలోని ఆక్సిజనూ కొత్త వంతెనలు కట్టి గట్టిపరుస్తాయి. గంధకం తగ్గించి త్వరకాలను పెంచితే పొట్టి వంతెనలు ఏర్పడి వేడికి నిలుస్తాయి. కాని పదేపదే వంగే వస్తువుకు పొడవైన వంతెనలే మేలు. టైర్ల తయారీదారు ఈ రెంటి నడుమ రాజీపడక తప్పదు.

గంధకపు గొలుసు తెగడాన్ని అధ్యాపకుల సమక్షంలో ప్రయోగశాలలోనే చూడవచ్చు. కరిగిన గంధకం మొదట నీళ్లవలె పారుతుంది. 159 డిగ్రీలు దాటగానే ఎనిమిదేసి పరమాణువుల వలయాలు విడివడి, పొడవైన గొలుసులుగా కలుస్తాయి. 187 డిగ్రీల ప్రాంతంలో చిక్కదనం పరాకాష్ఠ నందుకొంటుంది. ఇంకా వేడిచేస్తే గొలుసులు తెగి మళ్లీ పలుచబడుతుంది.

ఇంతమాత్రాన గంధకాన్నే నిందించరాదు. పాలీఫినైలీన్ సల్ఫైడులో ప్రతి గంధక పరమాణువూ రెండు బెంజీను వలయాల నడుమ ఒంటరిగా ఉంటుంది. అది సుమారు 285 డిగ్రీల వద్ద కరుగుతుందేగాని విచ్ఛిన్నం కాదు; మోటారు ఇంజను భాగాలలో సైతం వాడుతున్నారు.

టైరును అలా కరిగించి తిరిగి పోతపోయలేము, వంతెనలు అడ్డుపడతాయి. అందుకే పాత టైర్లు పేరుకొంటాయి, భోగినాడు కొన్ని మంటలలోకి చేరుతాయి. అప్పుడు వంతెనలే కాదు, గొలుసులూ తెగుతాయి. నల్లని మసితోపాటు గంధకం సల్ఫర్ డయాక్సైడై వెలువడి, ఉబ్బసం ఉన్నవారికి ఊపిరాడనివ్వదు. ఇరుకు సందులలో ఆ పొగ త్వరగా వదలదు.